‘నాకారా?’ అంటే ‘నాకే’ అన్న మామ

మా మామ పోయాడన్న కబురు వచ్చినప్పుడు నేను ఉప్పు తూస్తున్నాను. ఆవపల్లిలో అంగడి రోజు. ఉసూర్ దారిన వచ్చే దోర్ల తెగ ఆడవాళ్లలో ఒక పెద్దావిడ ఎప్పుడూ మా కొట్టు ముందే చింతపండు గంప దించుకుంటుంది. ఆ రోజు గంప నెత్తి మీదే ఉంచుకుని నిలబడింది.

“మీ నాకామామ పోయిండు బాబూ,” అంది. “పొద్దుగాల మేం వచ్చేటాలకు బల్ల మీద కూసోనే ఉన్నడు. ఎప్పటిలెక్కనే మేమే కర్ర లేపినం. పోనీ అంటడని చూసినం. అనలే. జరసేపు అట్లనే పట్టుకోని నిలబడ్డం.”

నేను తూకం పూర్తి చేశాను. ఎందుకు పూర్తి చేశానో ఇప్పటికీ తెలియదు. కొన్నామె ఉప్పు మూట కట్టుకుని వెళ్లిపోయాక గానీ తక్కెడ కింద పెట్టలేదు.

గోదావరి అవతల పఠనాలయాల్లో కూర్చుని ఈ రాత చదివే మీలో ఎవరికీ మా మామ తెలియడు. తెలియాల్సినంత పని ఆయన ఏదీ చేయలేదు. సభలో మాట్లాడలేదు, జైలుకు పోలేదు. మా అమ్మకు అన్న. ఈ బస్తర్ రాజ్యంలో, ఆవపల్లికీ ఉసూర్‌కూ నడుమ అడవి దారిలో ఉన్న నాకాకు కాపలాదారు. అడవిలోంచి కలప గానీ వెదురు గానీ బంక గానీ, ఏది బయటికి పోవాలన్నా అక్కడ ఆగి చూపించుకుని పోవాలి. దారికి అడ్డంగా ఒక టేకు వాసం, పక్కన ఒక బల్ల, వెనక సర్కారు ఇచ్చిన మట్టి గుడిసె. ఆ వాసాన్ని అందరూ కర్ర అనే అంటారు. కర్ర లేపడం, సరుకు చూడటం, చూసి ‘పోనీ’ అనడం ఆయన ఉద్యోగం. అందుకు గుర్తుగా ఖాకీ చొక్కా మీద ఒక ఇత్తడి బిళ్ల.

ఇందులో చూడటమూ, పోనీ అనడమూ మాత్రమే ఆయన చేసేవాడు. కర్ర లేపడం ఆయన వల్ల కాక చాలా ఏళ్లయింది.

కీళ్లవాతం. దానికి తోడు ఉబ్బసం. రెండూ నా చిన్నప్పుడే ఆయన ఒంట్లో కాపురం పెట్టాయి. పొద్దున లేచేసరికి వేళ్లన్నీ కొంకర్లు పోయి ఉండేవి. అత్త వావిలాకు వేసి నీళ్లు కాచి, మట్టి మూకుడులో పోసి ముందు పెట్టేది. ఆ నీళ్లలో రెండు చేతులూ ముంచి, ఎవరికో మొక్కుతున్నట్టు తల వంచుకుని కూర్చునేవాడు. చొక్కా గుండీలు అత్తే పెట్టేది. తలపాగా అత్తే చుట్టేది. బిళ్ల అత్తే తగిలించేది. ఎండ చెట్ల మీదికి ఎక్కాక ఒక్కో వేలూ సడలేది. మధ్యాహ్నం చూసినవాళ్లకు ఈ మాట చెబితే నమ్మరు. ఆ పాటికి ఆయన బల్ల మీద కూర్చుని తాడు పేనుతూ ఉండేవాడు.

“నా వేళ్లు జమీందార్లురా అల్లుడా. ఎండ మొఖం మీద కొడితే గాని లేవవు,” అనేవాడు.

ఉబ్బసం ఎక్కువైన రోజున మాత్రం జోకులుండవు. నేను ఏదో వాదం మొదలుపెడితే చెయ్యి ఊపేసేవాడు. “ఇయ్యాల ఊపిరి దొరుకుడే కష్టమైతాంది. దొరికినంత నీతోని కొట్లాటకు పారేసుకోమంటవా?”

మొదట కర్ర ఎవరు లేపారో ఎవరికీ గుర్తులేదు. ఒక చలికాలం పొద్దున ఆయన బల్ల మీంచి లేవలేకపోతుంటే, గంపలతో వచ్చిన దోర్ల ఆడవాళ్లే చేయి వేసి లేపారట. తరువాత అదే ఆనవాయితీ అయింది. బండివాళ్లు బండి దిగి లేపేవారు, నడిచొచ్చేవాళ్లు గంప దించకుండానే లేపేవారు. అయితే ఒక మర్యాద ఉండేది. లేపి పట్టుకుని ఆయన వైపు చూసేవారు. ఆయన ‘పోనీ’ అన్నాకే కదిలేవారు. ఆ మాట పడకుండా కర్ర కింద నుంచి ఒక మేక దాటినట్టు కూడా నేను చూడలేదు. దూరంగా సర్కారు గుర్రం కనిపిస్తే మాత్రం ఎవరో ఒకరు కూత వేసేవారు. అత్త గుడిసెలోంచి పరుగెత్తుకొచ్చి ఆయన్ని లేపి నిలబెట్టి, ఆ చేతులు తీసి కర్ర మీద పెట్టేది. వచ్చిన అధికారికి కర్ర మీద చేతులు వేసి నిలుచున్న కాపలాదారు కనిపించేవాడు. వెనక చీపురు పట్టుకుని, నడుముకు భుజం ఆనించి నిలబడ్డ ఆడమనిషిని ఎవరు చూస్తారు?

అలా ఒక మనిషి జబ్బును ఒక దారి దారంతా కలిసి దాచింది. దాచినవాళ్లకు అదొక సరదా కూడా. ఆయనకు మాత్రం అది రోజూ పొద్దున్నే మొదలయ్యే భయం. నాతో మాట్లాడుతున్నా ఆయన చెవి దారి మీదే ఉండేది. ఎండుటాకుల మీద ఎద్దు గిట్ట చప్పుడైనా గుర్రమేమో అని మెడ నిక్కించేవాడు.

నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే తరువాతది అర్థం కాదు. దుమ్ముగూడెం దాకా పడవల మీద వచ్చే బెల్లం మా కొట్టుకు చేరుతుంది. బెల్లం దిమ్మలకు చుట్టిన కాగితాల్లో కరపత్రాలుండేవి. నీళ్లు చల్లి, మెల్లగా విడదీసి, ఎండబెట్టి చదివేవాణ్ని. నా చదువంతా అదే. వెట్టి పోవాలనీ, ఒళ్లు వంచి పని చేసినవాడికి ఒళ్లు పాడైనాక కూడు పెట్టడం ఏలేవాడి బాధ్యత అనీ వాటిలో రాసి ఉండేది. చదివిన రోజు అన్నం సయించేది కాదు, ఎవరితోనైనా పోట్లాడాలనిపించేది. చివరి పేజీలు మాత్రం ఎప్పుడూ దొరికేవి కావు. “మావోడికి ప్రశ్నలన్నీ తెలుసు, జవాబులే బెల్లానికి అంటుకపోయినయి,” అని మామ బండివాళ్లతో చెప్పి నవ్వేవాడు.

చలి మొదలవుతున్న రోజుల్లో దంతెవాడ వైపు నుంచి ఒక జమాదారు నాకాలన్నీ తిరుగుతూ వచ్చాడు. ఆ రోజు నేను తేనె కోసం వెళ్లి అక్కడే ఉన్నాను. జమాదారుకు హిందీ, హల్బీ తప్ప రావు. మామకు తెలుగు, దోర్లి, గోండి వచ్చు. హిందీ మాత్రం సర్కారువాళ్లు గట్టిగా అరిస్తే తెలిసేంతే. పైగా ఆయన మనసంతా కంబళి మీద ఉంది. చలికాలం రాగానే కాపలాదార్లకు సర్కారు కంబళి ఇస్తుంది. పోయినేడు అది రాలేదు.

జమాదారు సంచీలోంచి ఒక కాగితం తీసి, ఏదో చదివి, మామ వైపు చూసి నవ్వుతూ అన్నాడు: “తుమ్ నాకారా హో?”

మామ చెవికి అందింది ‘నాకారా’ ఒక్కటే. జమాదారుకు నాలుగు తెలుగు ముక్కలు వచ్చేశాయనుకున్నాడు. కంబళి తెచ్చి, ‘ఇది నాకారా?’ అని తనని ఆటపట్టిస్తున్నాడనుకున్నాడు.

“నీకెందుకయ్యా జమాదారూ! నాకే! నాకే!” అని గుండె మీద చేత్తో కొట్టుకున్నాడు.

జమాదారు తల ఊపి, మామ పేరు పక్కన గీత గీసి, కాగితం మడిచాడు.

నాకు అంగడిలో నేర్చుకున్న హిందీ ఉంది. గుర్రం ఎక్కబోతున్న జమాదారు కాళ్లకు అడ్డం పడి అడిగాను. ఆయన చెడ్డవాడు కాదు. ఆగి, నిదానంగా చెప్పాడు. నాకారా అంటే పనికిరానివాడు. జబ్బు వల్ల ఇక పని చేయలేని నౌకర్లు ముందుకొచ్చి చెప్పుకోవచ్చు. బీజాపూర్‌కు డాక్టరు వస్తాడు. చూసి, నిజంగా నాకారా అని ఆయన రాస్తే బతికున్నంతకాలం పోషణ కోసం, పరవస్తీ కింద బియ్యం ఇస్తారు. జబ్బు దాచిపెట్టి తనిఖీలో దొరికితే ఉత్త చేతులతో పంపేస్తారు. చూపించుకోవడానికి వచ్చినవాడు బాగానే ఉన్నాడని తేలితే, సాకు చెప్పి సర్కారును మోసం చేయబోయాడని వాణ్నీ పంపేస్తారు. వద్దనుకుంటే, నేను పూర్తి ఆరోగ్యంగా ఉన్నానని వేలిముద్ర వేసిన కాగితం పంపాలి.

నేను ఇదంతా తెలుగులో చెప్పాను. మామ విని పగలబడి నవ్వాడు. ఆ నవ్వు దగ్గులోకి, దగ్గు ఆయాసంలోకి దిగింది.

“అంటే ఏందిరా? నువ్వు పనికిరానోడివా అని అడిగితే, నేను గుండె మీద కొట్టుకోని నాకే నాకే అన్ననా?”

అత్త నవ్వలేదు. “కంబళి కోసం నోరు దెరిచి కొంపకే ఎసరు వెట్టుకున్నడు,” అని లోపలికి పోయింది.

అప్పటి నుంచి బీజాపూర్ వెళ్లేదాకా ఆ గుడిసెలో ఎవరూ మామూలుగా మాట్లాడలేదు. మామ కూర్చున్నచోటే వేళ్లు ముడుస్తూ తెరుస్తూ ఉండేవాడు. ముడుచుకోకపోతే కొలువు పోతుందని ఒక భయం, ముడుచుకుంటే డాక్టరు నమ్మడని ఇంకో భయం. నేను కొట్టు వదిలేసి రెండోపూట అక్కడికే పరుగెత్తేవాణ్ని.

“అది నీ హక్కు మామా,” అన్నాను. “నీ కీళ్లు ఈ కర్ర కిందనే అరిగినయి. నీకు తిండి పెట్టుడు వాళ్ల పని. ఇది బిచ్చం కాదు.”

“హక్కంటే ఏందిరా? అడగకున్నా ఇచ్చేదా, అడిగితే ఇచ్చేదా?”

“అడిగి తీసుకునేది.”

“మరి బిచ్చమేంది?”

నాకు మండిపోయింది. ఆ మంటలో ఏం మాట్లాడానో పూర్తిగా గుర్తులేదు. రక్తమనీ చెమట అనీ చాలా అన్నాను. పొయ్యి దగ్గర నుంచి అత్త గొంతు వినిపించింది.

“అల్లుడూ, నీ బెల్లం కాగితాలల్ల కీళ్లనొప్పుల మందేమన్న రాసి ఉన్నదా? లేకుంటే జర నోరు మూసుకోని ఆ కట్టెలు చీల్చు.”

కట్టెలు చీల్చాను. చీలుస్తూనే అన్నాను, “అయితే ఆరోగ్యంగా ఉన్న అని వేలిముద్ర వేస్తవా? అబద్ధానికి వేలిముద్రా?”

“పొద్దుగాల ఏస్తే అబద్ధం. మాపటికి ఏస్తే నిజం,” అన్నాడు మామ. “నన్నేం జెయ్యమంటవురా? నా ఒళ్లే రెండు మాటలు మాట్లాడుతది.”

దోర్ల ఆడవాళ్లకు సంగతి తెలిసింది. ఆ పెద్దావిడ కర్ర పట్టుకునే ధైర్యం చెప్పింది. “నువ్వు ఎక్కడికీ పోకు నాకామామా. కర్ర మేం లేపుతం గద. డాక్టరొచ్చి అడిగితే నువ్వే లేపుతవని మేమందరం ఒట్టేసి జెప్తం.” మామ ఆమెకు చేతులు జోడించబోయి, అవి పూర్తిగా జతకూడక, తల వంచాడు. వాళ్లు దాటిపోయాక నాతో అన్నాడు: “సూసినవా? నా మంచి కోరేటోళ్ల సాక్ష్యమే నా మెడకు చుట్టుకుంటది.”

చివరికి నా ఉపన్యాసాలు ఏమీ పని చేయలేదు. పని చేసింది అత్త మాట. ఒక పొద్దున గుండీలు పెడుతూ, ముఖం చూడకుండా అంది: “నీకంటే ముందు నేను పోతే ఈ గుండీలు ఎవరు పెడతరు? ఆ పరవస్తీ బియ్యం ఉంటే ఎవరన్న ఒకరు దగ్గరికి తీస్తరు. పోయి సూపిచ్చుకో.”

బీజాపూర్‌కు బండి మీద వెళ్లాం. డాక్టరు ఉదయమే చూస్తాడని విన్నాం కాబట్టి మామ వావిలాకు నీళ్లు లేకుండా, ఉన్న చేతులు ఉన్నట్టే దుప్పట్లో పెట్టుకుని పెందలాడే వచ్చి వరుసలో కూర్చున్నాడు. కానీ డాక్టరు ఎవరికో కాన్పు కష్టమైతే పోయాడట. రాలేదు. మంచు విడిచింది. ఎండ వచ్చింది.

వరుసలో పులి కొట్టి భుజం పోయిన వాచరు ఉన్నాడు. చూపు పోయిన టపా మనిషి ఉన్నాడు. వాళ్ల జబ్బు వాళ్ల కంటే ముందే నడిచి వస్తుంది, ఎవరికీ చెప్పక్కర్లేదు. మామ జబ్బు ఎండ తగిలితే పారిపోయే రకం. ఆయన దుప్పటి అంచు ఎత్తి చేతులు చూసుకున్నాడు. మొదట కుడిచేతి చిటికెనవేలు సడలింది. ఆయన ముఖం పాలిపోయింది. తరువాత పక్క వేలు. తన చేతులు బాగుపడుతుంటే భయపడుతున్న మనిషిని నేను అంతకు ముందు చూడలేదు, మళ్లీ చూడకూడదు. వేళ్లను తిరిగి లోపలికి మడిచి, బతిమాలుతున్నట్టు వాటి వైపు చూశాడు.

పక్కనే వాగు ఉంది. నేను చెవిలో అన్నాను, “మామా, నీళ్లు చల్లగున్నయి. చేతులు జరసేపు ముంచు, మళ్లీ బిగుసుకుంటయి.”

చేతులు దుప్పట్లోకి లాక్కున్నాడు. “నొప్పి నిజందేరా,” అన్నాడు. “దానికి ఏషం గట్టినమనుకో, నిజం కూడ దొంగదైపోతది.”

ఎండ బాగా ఎక్కాక డాక్టరు వచ్చాడు. ముందు వాచరు లోపలికి వెళ్లి వచ్చాడు. నాకారా అయ్యాడు. బిళ్ల తీసి అప్పగించేశాక, అది ఉన్న చోట చొక్కా మీద గుండ్రంగా రంగు వెలవని మచ్చ ఒకటి మిగిలింది. ఉన్న ఒక్క చేత్తో ఆ మచ్చను తడుముకుంటూ, ఎటు పోవాలో తెలియనట్టు చెట్టు కింద తిరుగుతున్నాడు. మామ కళ్లు ఆ మచ్చ మీదే ఉన్నాయి.

“అగ్లా నాకారా!” అని బంట్రోతు తరువాతివాణ్ని కేక వేశాడు.

“నాకే,” అన్నాడు మామ మెల్లగా, లేస్తూ. నవ్వించాలని అన్నాడు.

డాక్టరు ఇంకా చిన్నవాడే. నిద్ర లేని కళ్లు. పిడికిలి పట్టమన్నాడు. మామ పట్టాడు. తెరవమన్నాడు. తెరిచాడు. గొట్టం పెట్టి ఛాతీ విన్నాడు. ఆ రోజు ఆ పాడు ఛాతీ కూడా పిల్లి కూతలు మానేసి బుద్ధిగా ఉంది. “బాగానే ఉన్నాడే, ఎందుకు తెచ్చావు?” అని నన్ను హిందీలో అడిగాడు.

నేను అరిచాను. గుండీల సంగతి, మూకుడు సంగతి, చలి పొద్దుల సంగతి, వచ్చిన హిందీలోనూ రాని హిందీలోనూ అరిచాను. బంట్రోతు నా భుజం పట్టుకున్నాడు. డాక్టరు వాణ్ని వదలమని సైగ చేసి, కాసేపు మామ వేళ్ల కణుపులు నొక్కి చూశాడు. “ఎక్కడ దిగారు?” అన్నాడు. చెప్పాను. “రేపు ఎండ రాకముందు నేనే వస్తాను.”

వచ్చాడు. శాలువా కప్పుకుని, మంచులో నడిచి, మేము దిగిన బండివాళ్ల పాకకు వచ్చాడు. మామను తన చొక్కా గుండీ తనే పెట్టుకోమన్నాడు. మామ ప్రయత్నించాడు. బిగిసిన రెండు పిడికిళ్ల మధ్య గుండీని ఇరికించి కాజా వైపు తోశాడు. అది జారిపోయింది. మళ్లీ తోశాడు. అలా ఎంతసేపో నాకు తెలియదు. నాకు కావలసింది ఇదే కదా, రుజువు. తల తిప్పుకుని గోడ వైపు చూశాను. తిరిగి చూసేసరికి డాక్టరు వంగి ఆ గుండీ తనే పెడుతున్నాడు.

ఆయన పేరు నాకు తెలియదు. ఆ వంగడం మరిచిపోలేదు.

“రాస్తాను,” అన్నాడు. తరువాత, తన తప్పు కాకపోయినా తప్పు చేసినవాడిలా, మిగతాది చెప్పాడు. బిళ్ల ఇచ్చేయాలి. గుడిసె ఖాళీ చేయాలి. ప్రతి ఏడూ ఇదే కాలంలో వచ్చి ఇంకా నాకారాగానే ఉన్నానని చూపించుకోవాలి. ఏ ఏడు బాగున్నట్టు కనిపిస్తే ఆ ఏడు బియ్యం ఆగిపోతుంది.

నేను తెలుగులో చెప్పాను. మామ విని అన్నాడు, “పై ఏడు వచ్చే డాక్టరు కూడ ఇట్లనే మంచుల నడిచి వస్తడా అడుగు.”

అడిగాను. డాక్టరు చెప్పలేనన్నట్టు తల అడ్డంగా ఆడించాడు.

“వేరే మాట లేదా అడుగు. నాకారా గాకుండ.”

డాక్టరు నిజంగానే ఆలోచించాడు. జబ్బుపడ్డవాడు అనే మాట ఉంది, కానీ అది నయమయ్యేవాళ్లకట. నయం కానివాళ్లకు ఉన్న మాట ఇదొక్కటేనట.

మామ తన పిడికిళ్ల వైపు చూసుకున్నాడు. “పోనీ,” అన్నాడు.

డాక్టరు నా వైపు తిరిగాడు, ఏమన్నాడని. నేను నోరు తెరిచి ఆగిపోయాను. పోనీ అంటే రాస్తే రాయనీ అనా? పోనీలే, వద్దు అనా? మా మామ బతుకంతా అదే మాట అన్నాడు, నాకు ఏ పోనీ ఏదో తెలియదు.

“ఏ పోనీ మామా?”

“మన పోనీరా,” అన్నాడు. “కర్ర లేపు. ఇంటికి పోనీ.”

తిరుగు దారిలో బండి మీద నేను ఆయనతో పోట్లాడాను. అంత దూరం వచ్చి, అంత మంచి డాక్టరు దొరికి, చేతిలో పడ్డదాన్ని నేలపాలు చేశావని అరిచాను. చాలా దూరం పోయాక అన్నాడు: “ఆ వరుసల కూసునే భయం ఏటేటా కొత్తగ పుడతది అల్లుడా. నాకా బల్ల మీది భయం నాకు ఎరికే. దాని అడుగుల సప్పుడు ఎరికే. ఎరికైన కుక్క ఎంత మొరిగినా పక్కన పండుకోవచ్చు.”

“ఇది జవాబా మామా?”

“కాదు. భయపడేటోని దగ్గర జవాబులుండయి. దేనికి భయపడాల్నో ఎంచుకునుడొక్కటే.”

ఆరోగ్యంగా ఉన్నానన్న కాగితం మీద వేలిముద్ర వేయడానికి మధ్యాహ్నం దాకా ఆగాడు. వేళ్లన్నీ సడలాయని చూసుకుని, బొటనవేలు సిరాలో అద్దాడు. “ఇప్పుడైతే నిజమే గద,” అన్నాడు.

మామ చేసింది సరైనదని నేననను. మీలో ఎవరైనా అలాంటి వరుసలో కూర్చోవలసి వస్తే కూర్చోండనే అంటాను. కానీ ఆ వరుసలో ఎండ వైపు చూసే భయం ఏమిటో తెలియకుండా ఎవరికీ ధైర్యం చెప్పకూడదని మాత్రం తెలిసింది. నా కరపత్రాల్లో ఆ పేజీ లేదు.

తరువాత వానలు వచ్చాయి, పోయాయి, మళ్లీ వచ్చాయి. గుర్రాలు వచ్చినప్పుడల్లా కూతలు వినిపించాయి, అత్త పరుగెత్తింది. దొరకలేదు. దొరకనందుకు సంతోషపడినట్టు కూడా ఆయన కనిపించలేదు. ఇంకొంచెం సన్నగా అయ్యాడు.

ఈ చలికాలం మొదట్లో నాకు ఒక సంగతి జరిగింది. పొద్దున కొట్టు తలుపు తీయబోతే కుడిచేతి వేళ్లు గడియ చుట్టూ ముడుచుకోలేదు. కాసేపటికి సర్దుకున్నాయి. మర్నాడు మళ్లీ. అమ్మకు చెప్పలేదు. నాకు ఇంకా మీసం సరిగ్గా రాలేదు. మామ దగ్గరికి వెళ్లి చెప్పాను. ఆయన తన చేతులున్న మూకుడులోకి నా చేయి లాగి, తన వేళ్ల పక్కన పెట్టుకున్నాడు. నీళ్లు వేడిగా, చేదు వాసనగా ఉన్నాయి. కొంతసేపయ్యాక, “నీయి చదువుకున్న జమీందార్లురా. తొందరగ లేస్తయి,” అన్నాడు. నవ్వాను. ఆయన ముఖం చూడకపోయుంటే బాగుండేది. బీజాపూర్ వరుసలో కూడా ఆ కళ్లలో అంత భయం లేదు.

కబురు వచ్చిన రోజు ఆ పెద్దావిడతోనే నడిచి నాకాకు వెళ్లాను. అత్త ఆయన పక్కన నేల మీద కూర్చుని ఉంది. ఏడవడం అయిపోయింది. “చొక్కా తొడిగి బల్ల మీద కూసోబెట్టి, నీళ్లు తెద్దామని లోపలికి వోయిన,” అంది. “వచ్చి చెయ్యి పట్టుకుంటే వేళ్లు మెత్తగున్నయి అల్లుడూ. ఇంత చలిల, పొద్దు పొడవక ముందు. ఈయన వేళ్లు అట్ల సడలుడు నేనెన్నడూ సూడలే. అప్పుడు తెలిసింది.”

దహనం అయిపోయింది. కర్మలు అయ్యేదాకా గుడిసెలో ఉండొచ్చని సర్కారువాళ్లు కబురు పంపారు. భార్యకు కూడా ఏదో దొరకవచ్చట, దరఖాస్తు పెట్టుకోవాలట. అత్త విని అడిగింది, “ఇప్పుడు నన్నేమని రాస్తరట?”

“బేవా అని.”

“ఆ మాట మన తెలుగుల వేరే ఏమన్న లెక్క వినిపిస్తదా?”

“ఏం వినిపించదత్తా. ముండమోసినామె అని అర్థం.”

“ఆలోచిస్త,” అంది. నేను హక్కు అనలేదు. కొత్త కాపలాదారు వచ్చేలోపు ఆమె ఏమంటుందో నాకు తెలియదు. ఆ గుడిసె తరువాత ఆమె ఎక్కడుంటుందో ఆమెకూ తెలియదు. మా ఇంటికి రమ్మన్నాం. తల ఊపింది, అవునని కాదు, విన్నానని.

మర్నాడు పొద్దున మంచు ఇంకా దట్టంగా ఉండగానే అడుగుల చప్పుడు వినిపించింది. దోర్ల ఆడవాళ్లు. గంపలు దించలేదు. ముందున్నవాళ్లు కర్ర లేపి పట్టుకుని, అలవాటు ప్రకారం బల్ల వైపు చూశారు. బల్ల ఖాళీగా ఉంది. నేను పక్కన నేల మీద, చంకల్లో చేతులు పెట్టుకుని కూర్చున్నాను. అందరూ నా వైపు తిరిగారు. ఆ మాట అనాల్సింది నేనా అని నేనూ బల్ల వైపే చూశాను. కర్ర కొద్దిగా కిందికి దిగి, మళ్లీ పైకి లేచింది.

అత్త గుడిసెలోంచి వచ్చింది. చేతుల్లో మూకుడు. అలవాటున కాచిందనుకున్నాను. అది తెచ్చి నా ముందు పెట్టింది. నా వేళ్ల సంగతి ఆమెకు మామ చెప్పాడో, ఆమే చూసిందో, నేను అడగలేదు. ఆమె నా ముఖం చూడలేదు. దారి వైపు తిరిగి, “పోనీ,” అంది.

గంపలు ఒక్కొక్కటే కర్ర కింద నుంచి దాటిపోయాయి. మూకుడు మీద ఆవిరి లేస్తోంది. నేను చేతులు ముంచాను.